రక్షాకంకణము – అష్టావరణము

కావలి మొదలు తడ వఱకు వ్యాపించిన నెల్లూరు సీమ కడలియొడ్డున చేతికి రక్ష కట్టుకొను ఆచారము మిక్కిలి పాతది. పసిబిడ్డ మణికట్టునకు నల్లపూసలు, వేటకు పోవువాని చేతికి దారము, పెండ్లికూతురి చేతికి కంకణము – వీనిని గూర్చి ఎవరును ప్రశ్నింపరు. ఇటీవలి కాలమున ఈ ఆచారమునకు మఱియొక రూపము వచ్చినది. తొమ్మిది రాళ్లు పొదిగిన నవరత్నకంకణములు, సాగెడు దారమున గ్రుచ్చిన స్ఫటికపు పూసలు, అకీకు పూసలు, పులికన్ను రాళ్లు ఊరి అంగళ్లలోను సెల్‌ఫోను తెరలపైనను అమ్ముడుపోవుచున్నవి. ఒకటి అప్పు తీర్చునట, ఒకటి దిష్టి తగులనీయదట, ఒకటి శనిదృష్టిని మరల్చునట! లింగవంతుల యిండ్లును దీనికి వెలి కావు. ఎదపై ఇష్టలింగము, మణికట్టుపై గోమేధికము ధరించిన యువకులు మఠముల పంక్తిభోజనములందే కనబడుచున్నారు.

ఇష్టలింగమును ధరించిన భక్తునకు ఇంకొక రక్ష ఏల? ఈ ప్రశ్నకు “అక్కఱలేదు” అని ఒక్క మాటలో బదులు చెప్పుట సులభము. ఉపన్యాసవేదికలపై అట్లే చెప్పబడుచున్నది కూడ. కాని ఆ బదులు విని ఇంటికి పోయినవాడు కంకణమును విప్పుట లేదు. చొక్కాచేతిని కొంచెము క్రిందికి దించుకొనుచున్నాడు. కావున విషయమును మఱికొంత లోతుగా పరిశీలింపవలసియున్నది.

ఈ తీరమునకును చేతి ఆభరణములకును గల సంబంధము చరిత్రలోనికి ఎక్కినదే. 1786లో నెల్లూరు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుకకట్టడమునకు తగిలినది. త్రవ్విచూడగా ఒక చిన్న గుడి శిథిలములును, వాని క్రింద ఒక చిన్న కుండయు, ఆ కుండలో రోమను చక్రవర్తుల కాలపు బంగారు నాణెములును బయటపడినవి. ట్రాజను, హేడ్రియను, ఫాస్టీనా ముద్రలు గల ఆ నాణెములలో కొన్ని నిన్న మొన్న టంకసాలనుండి వచ్చినట్లు మెఱయుచుండగా, కొన్ని అరిగిపోయి రంధ్రములు పొడువబడి యుండెను. వానిని చేతికిని మెడకును ధరించియుందురని ఆనాడు చూచినవారు వ్రాసిరి. ఎక్కడి రోము, ఎక్కడి నెల్లూరు! ఒక దూరదేశపు రాజు తలబొమ్మకు ఇచ్చటివారు రంధ్రము పొడిచి ఒంటికి కట్టుకొనిరి.

ఆ నాణెములకు కొంచెము ముందు, క్రీస్తుశకము మొదటి శతాబ్దమున, రోమను పండితుడగు ప్లినీ ఒక ముచ్చట వ్రాసియుంచెను. రోమనులు హిందూదేశపు ముత్యమునకు ఎంత విలువ యిత్తురో, హిందూదేశీయులు పగడమునకు అంత విలువ యిత్తురట. ఇచ్చటి దైవజ్ఞులు పగడమును ఆపదలనుండి కాపాడు రక్షగా భావింతురట. ఎఱ్ఱపగడము మధ్యధరా సముద్రపు పంట. ముత్యము మన దక్షిణ సముద్రపు పంట. ఎవరి సముద్రపు వస్తువు వారికి చవుక, ఎదుటివారి సముద్రపు వస్తువులో మహిమ! పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెత రత్నముల విషయమునను చెల్లుచున్నది.

రత్నశాస్త్రము మాత్రము చులకన చేయదగినది కాదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుని బృహత్సంహితలోను, గరుడపురాణములోను రత్నపరీక్ష విస్తారముగా కలదు. రత్నములు బలాసురుని దేహమునుండి పుట్టినవను కథ అందుండియే వచ్చినది. రవికి మాణిక్యము, చంద్రునకు ముత్యము, కుజునకు పగడము, బుధునకు మరకతము, గురునకు పుష్యరాగము, శుక్రునకు వజ్రము, శనికి నీలము, రాహువునకు గోమేధికము, కేతువునకు వైదూర్యము అను వరుస నేడు పంచాంగము చూచువారందఱకును కంఠస్థము. ఈ వరుసలో ఒక చిత్రము దాగియున్నది. మాణిక్యమును నీలమును ఖనిజశాస్త్రమున ఒక్క రాయియే. రెండును కురువిందమే. అందు క్రోమియము లేశమాత్రము చేరిన ఎఱ్ఱనై మాణిక్యమగును. ఇనుము, టైటానియము లేశమాత్రము చేరిన నీలమగును. జ్యోతిషమున రవియు శనియు తండ్రికొడుకులు, పరమశత్రువులు; వారి రాళ్లను కలిపి ధరింపరాదని నిషేధము. భూగర్భమున ఆ రెండును ఒక్క తల్లి బిడ్డలు. 1902లో వెర్నోయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అదే మాణిక్యమును కొలిమిలో చేయు విధానమును ప్రకటించెను. నాటినుండి కార్ఖానా మాణిక్యమునకు రవి ప్రసన్నుడగునా కాడా అను చర్చ రత్నవర్తకులకు కొఱకరాని కొయ్యయైనది. వైదూర్యమన్న పేరును స్థిరముగా నిలువలేదు. ప్రాకృతమున వేళురియ యనబడినది గ్రీకుల నోట బెరిల్లోస్ అయి, నేటి బెరిల్ రాయికి పేరైనది. మన జ్యోతిష్కులు నేడు వైదూర్యమని పిల్లికన్ను రాతిని ఇచ్చుచున్నారు. కేతువు ఏ రాతిని గుర్తించుచున్నాడో మఱి!

ఐనను ఇట్టి తర్కము వలన కంకణము విప్పినవారు కొలదిమందియే యుందురు. కంకణమును కట్టించునది తర్కము కాదు, భయము. ఈ తీరమున భయపడుటకు కారణములు తక్కువ కావు. 1984 నవంబరులో సూళ్లూరుపేట ప్రాంతమును, 1989 నవంబరులో కావలి ప్రాంతమును పెనుతుపానులు తాకినవి. 2004 డిసెంబరు 26న, గాలి లేదు, వాన లేదు, సముద్రమే లేచి పల్లెలలోనికి వచ్చినది. రొయ్యల సాగు వచ్చిన పిదప మఱియొక విధమగు భయము వచ్చినది. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి సోకి, వారము పదిదినములలో చెఱువులు చెఱువులే పోయినవి. ఎకరములకు ఎకరములు కౌలునకు పట్టి, మేతకును పిల్లకును అప్పు తెచ్చి, రాత్రివేళ గట్టుపై దీపము పట్టుకొని నీటిలోనికి చూచుచు కూర్చున్నవాని చేతి కంకణమును చూచి నవ్వుట, నష్టపడనివానికి మాత్రమే సాధ్యము.

మలినోవ్‌స్కీ యను పండితుడు 1915 – 1918 సంవత్సరముల నడుమ పసిఫిక్ మహాసముద్రమందలి ట్రోబ్రియాండు దీవులలో కొంతకాలము నివసించి జాలరుల ఆచారములను పరిశీలించెను. తీరము లోపలి నిలువనీటిలో, చేపలు తప్పక దొరకు చోట, అపాయము లేని చోట, వారు ఏ మంత్రమును పాటింపరట. వెలుపలి మహాసముద్రమున వేటకు పోవునపుడు మాత్రము మంత్రతంత్రములు అనేకమట. పులికాటు సరస్సు నీటికిని బంగాళాఖాతపు కెరటమునకును గల భేదము నెఱిగినవారికి ఈ మాట వివరింపనక్కఱలేదు.

విజ్ఞానము పెరిగిన భయము పోవునను మాటయు సగము నిజమే. చిరకాలము నెల్లూరు జిల్లాలో భాగమై యుండిన శ్రీహరికోటనుండియే 2008లో చంద్రునివైపు, 2013లో కుజునివైపు, 2023లో సూర్యుని పరిశీలించుటకు నౌకలు పోయినవి. ముత్యము, పగడము, మాణిక్యము ధరించి శాంతిపఱుపబడిన మూడు గ్రహములవైపును ఒక్క తీరమునుండి మనుష్యుని చేతి పనిముట్లు పయనించినవి. ఆ ప్రయోగములకు ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మకు మ్రొక్కి వచ్చు ఆచారము శాస్త్రజ్ఞులలోను కలదని లోకమెఱుగును. లెక్కలన్నియు సరిచూచిన పిదప కూడ చేతిలో లేనిది ఒకటి మిగులును. ఆ మిగిలినదాని యెదుట మనుష్యుడు ఏమి చేయవలెను అనునదే ధర్మవిచారము.

వీరశైవము దీనికి అష్టావరణములను చెప్పినది. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, భస్మము, రుద్రాక్ష, మంత్రము. ఆవరణమనగా చుట్టును కప్పునది, కవచము. మన మతమే కవచము కావలెనని ఒప్పుకొన్నది. మనుష్యుడు నిర్భయుడని బుకాయింపలేదు. ఇచ్చటనే రత్నధారి యొక న్యాయమగు ప్రశ్న వేయును: “మీ లింగమును రాయియే గదా! మీ రుద్రాక్షయు చేతికి కట్టుకొనునదే గదా! మీ రాయి కాపాడును, నా రాయి కాపాడదా?”

ఈ ప్రశ్నను కోపముతో త్రోసివేయరాదు. సిద్ధాంతశిఖామణి లింగమునకు పనికివచ్చు శిలలను చెప్పుచు స్ఫటికమును, చంద్రకాంతమును, సూర్యకాంతమును కూడ పేర్కొన్నది. సామాన్యశిలను, బాణమును అదే వరుసలో ఉంచినది. రత్నములు మనకు అంటరానివి కావు. కాని ఆ వరుసను ఎట్లు చదువవలెను? స్ఫటికలింగమునకు ఒక ఫలము, సామాన్యశిలకు దానికన్న తక్కువ ఫలము అని భక్తులను విభజించుట కొఱకు కాదు. గురువు హస్తమున సంస్కారము పొందిన పిదప అది శిల యను తలంపే మిగులరాదని సిద్ధాంతము. పైగా ఆచారమున ఇష్టలింగమునకు నల్లని పూత పూయుదురు. లోపల చంద్రకాంతమున్నను, ఏటిగట్టు రాయి యున్నను, అఱచేతిలో పెట్టుకొన్నపుడు భాగ్యవంతుని లింగమును కూలివాని లింగమును ఒక్కతీరున నల్లగా నుండును. ఎవరు ఈ పూతను మొదట యోచించినను ఎంతో దూరము చూచినవారు.

రత్నకంకణపు మార్గము దీనికి విరుద్ధము. అది మొదట జన్మనక్షత్రము నడుగును, పిదప చేతిలోని పైకము నడుగును. ఉన్నవానికి జాతినీలము, లేనివానికి ఉపరత్నము. అనగా శని కూడ ధనవంతుని యెడల మెత్తబడునన్న మాట! ఇష్టలింగమునకు నక్షత్రము లేదు, రాశి లేదు, వెల లేదు. శరణుల వచనములలో వార తిథి నక్షత్రముల వెఱపునకు చోటు లేకపోవుట ఊరక జరిగినది కాదు. బిజ్జలుని భండారమును ఏలిన బసవేశ్వరుడు రత్నములను చూడనివాడు కాడు. వాని తూకమును వెలను నిత్యము ఎఱిగినవాడు. అట్టివాడు కక్కయ్యకును హరళయ్యకును తనకును ఒకే విధమగు లింగము చాలునని చెప్పుట గమనింపదగినది.

ఇంతవఱకు మన పక్షము నెగ్గినట్లు తోచును. కాని తూనిక రెండువైపుల సమముగా నుండవలెను గదా. నేడు ఎన్ని యిండ్లలో ఇష్టలింగమే తాయెత్తుగా మాఱిపోలేదు? పరీక్షనాడు కండ్లకద్దుకొని, ఫలితములు వచ్చిన పిదప గూటిలో పెట్టువారున్నారు. ప్రయాణమునకు మాత్రము మెడలో వేసికొనువారున్నారు. ఏకముఖి రుద్రాక్ష యని వేలకు వేలు పోసి కొనువారున్నారు. ముఖములు లెక్కించి వెల కట్టిన నాడు రుద్రాక్షయు గోమేధికమే. అట్టివారు రత్నకంకణధారిని నిందించుటకు అర్హులు కారు. ఇద్దఱును ఒకే అంగడిలో వేఱువేఱు సరకు కొన్నవారు. కొన్ని చోట్ల శక్తి నింపిన పూసలను ధార్మికసంస్థలే అమ్ముట మఱింత విచారకరము.

తాళ్లు పేని అమ్ముకొను నులియ చందయ్య కథను శరణసాహిత్యము నెఱిగిన వారందఱును వినియుందురు. గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి పడినది. ఆయన దానిని తీసికొనక తన మోపు నెత్తుకొని నడచెను. లింగమే వెంటబడి బతిమాలెనట. మడివాళ మాచయ్య నడుమ వచ్చి సర్దవలసివచ్చినది. తుదకు లింగము చందయ్య పేనిన తాడు నమ్మి తెచ్చు కాయకమునకు ఒప్పుకొన్న తరువాతనే ఆయన దానిని మరల స్వీకరించెనట. ఈ కథ వినుటకు సాహసముగా తోచును. లింగము జారిన క్షణమున గుండె ఝల్లుమనక, తన పనిని తాను చేసికొనిపోయిన మనుష్యుడు లింగమును పోగొట్టుకొన్నవాడా, నిజముగా ధరించినవాడా? మణికట్టున దారము తెగి పూసలు నేల రాలినపుడు నేటి యువకుని ముఖము చూచినవారు ఈ ప్రశ్నకు బదులు తామే చెప్పుకొనగలరు.

కాయకమన్న మాట వచ్చినది కనుక, కంకణపు పూస ఎచ్చటినుండి వచ్చునో చూడవలెను. మన ధర్మమున వస్తువు వెనుక నున్న చేతిని చూడక వస్తువును పూజించుట కుదరదు. గుజరాతునందలి ఖంభాత్ పట్టణము అకీకు పూసలకు తరతరములుగా ప్రసిద్ధి. అచ్చట చిన్న చిన్న యిండ్లలో రాళ్లను సానపట్టుదురు. తిరుగుచున్న సానరాతినుండి లేచు మెత్తని ధూళి సానపట్టువాని ఊపిరితిత్తులలో చేరి పేరుకొనును. దానికి సిలికోసిస్ అని పేరు. వచ్చిన తరువాత కుదుర్చు మందు లేదు. సానపట్టువానికే కాక ఆ యింట మసలు భార్యాబిడ్డలకును, ఇరుగుపొరుగువారికిని కూడ అది సోకుటను అహమదాబాదులోని జాతీయ వృత్తిజన్య ఆరోగ్యసంస్థవారు పరిశోధించి వెల్లడించిరి. నెల్లూరు సీమకు ఈ ధూళి క్రొత్త కాదు. గూడూరు, సైదాపురము, కలిచేడు ప్రాంతముల అభ్రకపు గనులు – పల్లెవారి మాటలో కాకిబంగారపు గనులు – ఒకనాడు ప్రపంచమునకు అభ్రకమును పంపినవి. ఆ గనులలోనే బెరిల్ రాయియు దొరకును. ఆ జాతిలో పచ్చగా స్వచ్ఛముగా నున్నదియే మరకతము. రాతిని తొలుచునపుడు లేచు ధూళి ఆ గనికూలీల రొమ్ములలోను చేరినది.

ఒకని శ్వాసను హరించి వచ్చిన పూస మఱియొకని ఆయువును పెంచునా? జ్యోతిశ్శాస్త్రము దీనిని ప్రశ్నగా ఎన్నడును తీసికొనలేదు. రాయి దోషములను గీత, చుక్క, మబ్బు అని లెక్కించినది గాని, దానిని కోసినవాని దగ్గును దోషముగా లెక్కింపలేదు. కాయకమును కైలాసమనిన సంప్రదాయము లెక్కింపక తప్పదు. సానపట్టువాని కాయకము పవిత్రమే. అతనికి ముక్కునకు గుడ్డయు, ధూళిని పీల్చు యంత్రమును, న్యాయమగు కూలియు లేకుండ చేసి, అతడు చేసిన పూసకు రక్ష యని పేరు పెట్టుటయే దోషము. రత్నధారణమునకు వ్యతిరేకముగా గ్రహబలమును గూర్చి వేయి వాదములు చేయవచ్చును గాని, వానియన్నిటికన్న బరువైనది ఇది.

రక్షయన్న మాటకు ఈ తూర్పు తీరమున మఱియొక అర్థమును చెప్పిన శాసనము కలదు. నెల్లూరు సీమకు ఉత్తరమున చినగంజాము దగ్గఱ మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించినది. అంతకు ముందు, తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను రాజులు బలవంతముగా లాగుకొనుచుండిరి. సముద్రము విడిచిన వర్తకుని భూమి దోచుకొనుచుండెను. ప్రాణమునకన్న ధనమును మిన్నగా నెంచి కడలి దాటివచ్చువారియందు దయచేత, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నిర్ణయించిన సుంకము తప్ప మఱేమియు తీసికొనబోమని గణపతిదేవుడు అభయమిచ్చెను. దీనినే అభయశాసనమందురు. ఆ ఓడలలో ముత్యములు, పగడములు నుండెను; సుంకపు పట్టికలో వాని పేరులు కలవు. అన్ని రత్నములుండియు వర్తకుడు దోపిడికి గుఱియగుచునే యుండెను. రత్నము తన్ను తాను కాపాడుకొనలేకపోయినది. ఒక మనుష్యుడు “నేను దోచుకొనను” అని రాతిపై చెక్కించినపుడు, ఆ రాయి కాపాడినది.

అదే విధముగ, 1977 నవంబరున దివిసీమలో ఉప్పెనకు దాదాపు పదివేలమంది మరణించిన తరువాత కోస్తా పొడవునను తుపాను రక్షణ భవనములు కట్టబడినవి, ముందుగా హెచ్చరించి జనులను తరలించు పద్ధతి బలపడినది. 1990 మేలో అంతటి తుపానే వచ్చినపుడు చనిపోయినవారు వేయిలోపు. ఆ రాత్రులలో తలుపు తెఱచిన గదియే కవచము. దాసోహమను మాటను పంక్తిభోజనమునకు మాత్రమే పరిమితము చేసినవారు దీనిని తలచుకొనవలెను.

తుదకు ఆచరణ విషయము. మఠమునకు వచ్చినవాని కంకణమును గద్దించి విప్పించుట తగదు. విప్పిన మఱునాడు అతని చెఱువునకు తెగులు వచ్చిన, అది విప్పించినవారి వలననే వచ్చినదని అతడు జన్మాంతము నమ్మును. అతని భయము రెట్టింపగును. పురిటింట లింగధారణమునకు వచ్చిన జంగమదేవర యెదుట అవ్వ బిడ్డచేతికి నల్లపూసలు కట్టియుంచిన, ఆమెతో వాదమునకు దిగుటయు మర్యాద కాదు. ఆ బిడ్డకు జ్వరము వచ్చిన అర్ధరాత్రి ఆ యింటికి వచ్చువారు ఎవరు, ఆసుపత్రికి బండి పిలుచువారు ఎవరు అనునది ముందు తేలవలెను. మఠము అట్టి వేళ వచ్చునని తెలిసిన యింట పూసల మాట దానంతట అదియే వెనుకబడును. అలంకారముగా మాత్రమే రాళ్లు ధరించువారితో వాదమే లేదు. వెలయెంత, ఎవరు చేసిరి అని మాత్రము అడుగవచ్చును.

విప్పిన కంకణమును ఏమి చేయవలెను, సముద్రమున వేయవలెనా, గుడిలో ఉంచవలెనా అని అడుగువారు కలరు. అట్టి విధి ఏదియు లేదు. బంగారమున పొదిగినదైన అమ్మి, ఆ పైకమును దాసోహమునకు గాని, బిడ్డల చదువునకు గాని వాడుకొనవచ్చును. అకీకు పూసలదైన కంసాలి కొనడు. దారము తీసివేసిన, పిల్లలు వామనగుంటలాడుకొనుటకు పనికివచ్చును.